మిగిలిన సగం ముందు, ఎండ తర్వాత

నవంబరు వచ్చిందంటే జర్మనీలోని తెలుగు ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది. "ఇక చాలు. యాభై దాటగానే ఎండ ఉన్న దేశానికి వెళ్లిపోదాం. సగం పని చేసుకుంటూ హాయిగా బతుకుదాం." బెర్లిన్‌లో డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. చీకట్లో ఆఫీసుకు వెళ్లి చీకట్లో ఇల్లు చేరే మనిషికి ఈ కోరిక పుట్టడం సహజం. దాన్ని బలహీనత అనుకోకండి, సోమరితనం అసలే అనుకోకండి. ఆ కోరికను గౌరవించండి. గౌరవించడమంటే కాగితం మీద పెట్టి లెక్క కట్టడం.

ఆ లెక్క కట్టాల్సిన సమయం ఇదే. ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ హయాంలో, 2000 ఆగస్టులో జర్మనీ ఐటీ నిపుణుల కోసం గ్రీన్ కార్డు పథకం మొదలుపెట్టింది. ఇచ్చిన అనుమతి ఐదేళ్లకే. అప్పుడు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో వచ్చి ఇక్కడే నిలదొక్కుకున్నవాళ్లు ఈరోజు యాభై దాటారు. 2012లో బ్లూ కార్డు మొదలైనప్పుడు వచ్చినవాళ్లు నలభైల్లో ఉన్నారు. పిల్లలు ఎదిగారు, ఇంటి అప్పు తగ్గింది, ఒంట్లో ఓపికా కొంత తగ్గింది. సలహా అడుగుదామంటే ముందు నడిచిన తెలుగు తరం ఇక్కడ పెద్దగా లేదు. కాబట్టి దారి మనమే వేసుకోవాలి.

చాలామంది ఈ ప్రయాణాన్ని పటం ముందు కూర్చుని మొదలుపెడతారు. స్పెయినా, పోర్చుగలా, థాయ్‌లాండా, మారిషసా? నా మాట వినండి, పటం పక్కన పెట్టండి. సగం రిటైర్మెంట్ అంటే ఒక సగం మానేస్తారు, ఇంకో సగం చేస్తారు. ఆ చేసే సగం ఏమిటో తేలితే మీకు నప్పే దేశం తేలుతుంది. అది తేలకపోతే ఎంత ఎండ ఉన్నా మూడో నెలకే మనసుకు ముసురు పడుతుంది.

మిమ్మల్ని అలిసిపోయేలా చేస్తున్నది ఏది?

ముందు ఒక చిన్న పని చేయండి. రెండు వారాల పాటు ప్రతి రాత్రీ పడుకునే ముందు ఒక్క వాక్యం రాయండి: ఈరోజు నాకు బరువనిపించింది ఏది? అందంగా రాయక్కర్లేదు, నిజం రాస్తే చాలు. రెండు వారాల తర్వాత ఆ పద్నాలుగు వాక్యాలనూ మూడు కుప్పలు చేయండి. ఒకటి చలీ చీకటీ. రెండోది ఉద్యోగం. మూడోది ఒంటరితనం.

మొదటి కుప్ప పెద్దదైతే మీ కోరిక సరైన దిశలోనే ఉంది. మీకు వెచ్చదనం కావాలి. అయితే ఏడాదంతా కావాలా, చలికాలం నాలుగు నెలలు చాలా అన్నది తేల్చుకోండి. నాలుగు నెలలకు దేశం మారక్కర్లేదు, ఏర్పాటు మార్చుకుంటే సరిపోతుంది.

రెండో కుప్ప పెద్దదైతే మిమ్మల్ని వేధిస్తున్నది వాతావరణం కాదు, మేనేజరో, ప్రాజెక్టో, ఇరవై ఏళ్లుగా చేస్తున్న అదే పనో. దానికి టీమ్ మార్పు, గంటల తగ్గింపు, వృత్తి మార్పు లాంటి మందులున్నాయి. అవి జర్మనీలోనే దొరుకుతాయి.

మూడో కుప్ప పెద్దదైతే జాగ్రత్త. పాతికేళ్లుగా ఉన్న ఊళ్లోనే మనుషులు దగ్గర కాలేదంటే, భాష రాని కొత్త దేశంలో వాళ్లంతట వాళ్లు దగ్గర కారు. ముందు ఇక్కడే ఒక తెలుగు సంఘంలోనో, ఒక జర్మన్ ఫెరైన్ (క్లబ్బు)లోనో పనిచేసే మనిషిగా చేరండి. మనుషులను సంపాదించుకోవడం ఒక నైపుణ్యం. ఆ నైపుణ్యం చేతిలో ఉన్నవాడికి ఏ దేశమైనా నప్పుతుంది.

మిగిలిన సగానికి పేరు పెట్టండి

"ఏదో ఒకటి చేస్తాను" అనేది పేరు కాదు. పేరంటే ఒక్క ముక్కలో చెప్పగలగాలి. పాత రంగంలో కన్సల్టింగ్, సాగు, పిల్లలకు పాఠాలు, సంగీతం, రాత... ఏదైనా ఫరవాలేదు. పేరు పెట్టగానే దేశాల జాబితా దానంతట అదే కురచవుతుంది.

జర్మన్ కంపెనీలకు కన్సల్టింగ్ చేయడమే మీ సగమైతే గడియారం చూసుకోండి. స్పెయిన్ ప్రధాన భూభాగంలో టైము జర్మనీ టైమే. పోర్చుగల్, కనారీ దీవులు గంట వెనక. భారత్ వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు ముందు. అంటే మ్యూనిక్‌లో ఉదయం తొమ్మిదింటికి మొదలయ్యే మీటింగు విశాఖలో వేసవిలో పన్నెండున్నరకు, చలికాలంలో ఒకటిన్నరకు వస్తుంది. పొద్దున్న నడక, స్నానం, పూజ, మార్కెట్టు అన్నీ ముగించుకుని భోంచేసి కూర్చోవచ్చు. థాయ్‌లాండ్ అయితే ఐదారు గంటల తేడా, పని రాత్రికి జరుగుతుంది. ఇంకో హెచ్చరిక: పాత కంపెనీ ఒక్కదానికే ఫ్రీలాన్స్ చేస్తే, పేరుకే స్వతంత్రం, నిజానికి ఉద్యోగమేనని జర్మన్ అధికారులు తేల్చే ప్రమాదం ఉంది. కనీసం ఇద్దరు ముగ్గురు కస్టమర్లను చూసుకున్నాకే అడుగు వేయండి.

సాగు మీ సగమైతే యూరప్ ఆలోచన కన్నా ముందు భారత చట్టం తెలుసుకోండి. విదేశంలో స్థిరపడిన భారతీయులు గానీ, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు గానీ సాగుభూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా రావచ్చు. ఇల్లు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. కాబట్టి "రిటైరయ్యాక నాలుగెకరాలు కొని మామిడి వేస్తాను" అనేవాళ్లు పాస్‌పోర్టు మార్చుకునే ముందే ఈ సంగతి లాయరుతో కూర్చుని తేల్చుకోవాలి.

చదువు చెప్పడం, సేవ మీ సగమైతే భాష ముఖ్యం. తెలుగులోనే చెప్పాలనుంటే తెలుగువాళ్లు ముందే వేళ్లూనుకున్న వెచ్చని దేశాలున్నాయి. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే. రెండోవి 1981లో కౌలాలంపూర్‌లో జరిగాయి. మనవాళ్లు తరాలుగా బతుకుతున్న నేలలవి. మీ సగం మనుషులతో, మాటతో ముడిపడినదైతే ఇలాంటి చోటు మనసుకు తొందరగా పడుతుంది.

ఇక నిజంగా ఏ పనీ వద్దు, చదువుకోవాలి, నడవాలి, నిద్రపోవాలి అనుకుంటే అదీ మంచి జవాబే. కానీ అప్పుడు దాన్ని సగం రిటైర్మెంట్ అనకండి. పూర్తి రిటైర్మెంట్‌కు డబ్బు లెక్క వేరు.

వీసా మీ సగాన్ని ఒప్పుకుంటుందా?

చాలామంది బోర్లాపడేది ఇక్కడే. వెచ్చని దేశాలు రిటైరైనవాళ్లను రమ్మంటాయి. కానీ వచ్చి పని చేస్తామంటే చాలా వీసాలు ఒప్పుకోవు.

స్పెయిన్‌లో నాన్ లుక్రటివ్ వీసా ఉంది. 2025 లెక్క ప్రకారం ఒక్కరికి నెలకు 2,400 యూరోలు, వెంట వచ్చే ఒక్కొక్కరికి మరో 600 యూరోలు రాబడి చూపాలి. దంపతులకు 3,000 అన్నమాట. ప్రైవేటు ఆరోగ్యబీమా కూడా ఉండాలి. అన్నీ ఉన్నా, ఆ వీసా మీద పని చేయడానికి లేదు. కన్సల్టింగ్ చేద్దామనుకునేవాళ్లు 2023లో వచ్చిన డిజిటల్ నోమాడ్ వీసా వైపు చూడాలి. దానికి ఆ దేశపు కనీస వేతనానికి రెట్టింపు రాబడి కావాలి, అందులో స్పెయిన్ కస్టమర్ల వాటా 20 శాతం మించకూడదు.

పోర్చుగల్ డీ7 వీసా అద్దెలు, డివిడెండ్లు, పింఛను లాంటి రాబడి ఉన్నవాళ్లకు. 2025లో నెలకు 870 యూరోలు చూపితే సరిపోయేది. అయితే విదేశాల నుంచి వచ్చేవాళ్లకు ఒకప్పుడు ఇచ్చిన పేరుమోసిన పన్ను రాయితీని 2023తో కొత్తవాళ్లకు మూసేశారు. పాత సంగతులు విని లెక్కలు కట్టకండి.

థాయ్‌లాండ్ రిటైర్మెంట్ వీసాకు 50 ఏళ్లు నిండాలి. బ్యాంకులో 8 లక్షల బాట్లు గానీ, నెలకు 65 వేల బాట్ల రాబడి గానీ చూపాలి. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. మారిషస్ కూడా రిటైరైన విదేశీయులకు 50 ఏళ్ల నుంచే తలుపు తెరుస్తుంది.

అసలు ఏ వీసా అక్కర్లేని దారి ఒకటుంది: జర్మన్ పౌరసత్వం. అది ఉంటే స్పెయిన్, పోర్చుగల్, గ్రీసు, సైప్రస్ ఎక్కడికైనా వెళ్లి ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. 2024 జూన్ 27న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం ఐదేళ్ల నివాసంతో దరఖాస్తు చేయొచ్చు, పాత పౌరసత్వం వదులుకోమని జర్మనీ అడగడం లేదు. కానీ భారత చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. భారత పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ కార్డు తీసుకోవాల్సిందే. ఇందాక చెప్పిన సాగుభూమి సంగతి ఇక్కడ మళ్లీ ముందుకొస్తుంది. మధ్యధరా తీరమా, సొంతూరి పొలమా అన్న ప్రశ్న చివరికి ఒక పాస్‌పోర్టు దగ్గర తేలుతుంది.

పౌరసత్వం వద్దు, పీఆర్ చాలనుకునేవాళ్లు ఒక నియమం గుండెల మీద రాసుకోవాలి. మామూలు పీఆర్‌తో ఆరు నెలలకు మించి జర్మనీ బయట ఉండిపోతే అది రద్దవుతుంది. పన్నెండు నెలల గడువు బ్లూ కార్డుకే, దాని మీదుగా వచ్చిన మామూలు పీఆర్‌కు కాదు. అయితే పదిహేనేళ్లు చట్టబద్ధంగా జర్మనీలో ఉండి, బతుకుతెరువుకు లోటు లేదని చూపగలిగిన పీఆర్‌దారుకు ఈ ఆరు నెలల గడువు వర్తించదు. ఆ మేరకు విదేశీయుల కార్యాలయం నుంచి ఒక ధ్రువపత్రం తీసుకోవచ్చు. వెళ్లేముందే తీసుకోండి. ఆ ఒక్క కాగితం మీకు తిరిగొచ్చే దారిని తెరిచి ఉంచుతుంది.

మయోర్కా జర్మన్ల లెక్క వేరు

జర్మనీకి పదహారు రాష్ట్రాలు. స్పెయిన్‌లోని మయోర్కా దీవిని పదిహేడో రాష్ట్రమని పిలుచుకునేంతగా జర్మన్లు అక్కడికి వెళ్తారు. టర్కీలోని అలాన్యాలో, కనారీ దీవుల్లో కూడా వాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్లను చూసి "మనమూ" అనుకోవడం తేలిక. కానీ మయోర్కాలో స్థిరపడే జర్మన్ పెద్దాయన చేతిలో సాధారణంగా మూడు ఉంటాయి: నలభై ఏళ్లకు పైగా చందా కట్టి సంపాదించిన పింఛను, యూరోపియన్ పౌరసత్వం, పింఛనుదారుగా జర్మన్ ఆరోగ్యబీమా మీదే స్పెయిన్‌లో వైద్యం పొందే హక్కు. యాభై ఏళ్ల తెలుగు ఇంజనీరు ఆ మూడింటిలో ఏవి తన దగ్గర ఉన్నాయో లెక్క పెట్టుకోవాలి. లేనివాటికి ప్రత్యామ్నాయం చూసుకున్నాకే ఇల్లు ఖాళీ చేయాలి.

పింఛను ఉత్తరంలో రెండో అంకె చూడండి

ఇరవై ఏడేళ్లు నిండి, ఐదేళ్లు చందా కట్టినవారికి జర్మన్ పింఛను సంస్థ ఏటా ఒక ఉత్తరం పంపుతుంది. రెంటెన్ఇన్ఫర్మాట్సియోన్ అంటారు. చాలామంది దాన్ని తెరిచి ఫైల్లో పెట్టేస్తారు. ఈసారి ముందు పేజీలో గడిగట్టిన చోట ఉన్న మూడు అంకెలు నిదానంగా చదవండి. మొదటిది, ఇప్పుడు పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే ఎంత వస్తుందో చెబుతుంది. రెండోది, ఇప్పటిదాకా కట్టినదానికి పింఛను వయసులో ఎంత వస్తుందో చెబుతుంది. మూడోది, గత ఐదేళ్ల లాగే చివరిదాకా కడితే ఎంతో చెబుతుంది.

మూడో అంకె కంటికి ఇంపుగా ఉంటుంది. కానీ యాభైకే సగం మానేయాలనుకునేవాళ్లకు అది వర్తించదు. మీరు నిలబడాల్సింది రెండో అంకె మీద.

అది ఎలా వస్తుందో తెలుసుకుంటే భయం పోతుంది. జర్మనీ సగటు జీతం మీద ఏడాది చందా కడితే ఒక పాయింటు. జీతం సగటుకు ఒకటిన్నర రెట్లుంటే ఒకటిన్నర పాయింట్లు. 2025 జులై నుంచి ఒక పాయింటు విలువ నెలకు 40.79 యూరోలు, ఏటా జులైలో సవరిస్తారు. ఒకటిన్నర పాయింట్ల చొప్పున పదిహేనేళ్లు కట్టినవారికి ఇరవై రెండున్నర పాయింట్లు, అంటే ఆ విలువ ప్రకారం నెలకు సుమారు 918 యూరోలు, పన్ను, బీమా కోతలకు ముందు. మీరు 1964లోనో ఆ తర్వాతో పుట్టినవారైతే ఇది పూర్తిగా అందేది 67 ఏళ్లకు. ముప్పై ఐదేళ్ల అర్హత కాలం ఉంటే 63కే తీసుకోవచ్చు, కానీ 14.4 శాతం కోత జీవితాంతం ఉంటుంది.

భారత్‌లో చేసిన ఉద్యోగం వృథా పోదు. రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం 2017 మే 1 నుంచి అమల్లో ఉంది. అర్హత కాలం చూసేటప్పుడు రెండు దేశాల్లో చందా కట్టిన కాలాన్నీ కలుపుతారు, డబ్బు మాత్రం ఎవరి వాటా వాళ్లు ఇస్తారు. జర్మన్ పింఛను భారత్‌లో ఉన్నా అందుతుంది. ఏటా బతికున్నట్టు ధ్రువపత్రం నింపి పంపడం మరిచిపోకూడదు, అంతే.

అసలు సవాలు యాభైకీ అరవై ఏడుకీ మధ్య ఉన్న పదిహేడేళ్లు. 67కే తీసుకుంటే ఆ పదిహేడేళ్లూ జర్మన్ పింఛను రాదు. నెలకు 2,500 యూరోలు కావాలనుకోండి. మీ మిగిలిన సగం అందులో 1,250 సంపాదిస్తే, పొదుపు నుంచి తీయాల్సింది ఏడాదికి 15 వేలు, పదిహేడేళ్లకు 2 లక్షల 55 వేలు. ధరల పెరుగుదల, పొదుపు మీద రాబడి పక్కన పెట్టిన మొదటి అంచనా ఇది. అదే ఏమీ సంపాదించకపోతే 5 లక్షల 10 వేలు. మిగిలిన సగం విలువ ఇప్పుడు అంకెల్లో కనబడుతోంది కదా. నెలకు 1,250 యూరోల పని రెండున్నర లక్షల పొదుపుకు సమానం. అందుకే ఆ సగాన్ని కాలక్షేపంగా చూడకండి, మీ స్వేచ్ఛకు అది పునాది.

ఆసుపత్రి తలుపు ఎటువైపు?

జర్మన్ క్రాంకెన్‌కాసే (ఆరోగ్యబీమా సంస్థ) కార్డు జేబులో ఉన్నంతకాలం దాని విలువ తెలియదు. యూరప్ బయట స్థిరపడితే ఆ కార్డు పని చేయదు. యూరప్‌లోనే మరో దేశానికి వెళ్లినా, పింఛను మొదలుకాకముందు అక్కడి ఉద్యోగం ద్వారానో, స్వయం ఉపాధి ద్వారానో, ప్రైవేటు బీమా ద్వారానో ఏర్పాటు చేసుకోవాలి. కొన్నేళ్లు బయట ఉండి యాభై ఐదు దాటాక తిరిగొస్తే ప్రభుత్వ బీమాలోకి మళ్లీ చేరడం అంత తేలిక కాదు. అక్కడా చెల్లక ఇక్కడా చెల్లక రెంటికీ చెడ్డ రేవడి కాకూడదు. వెళ్లేముందు మీ కాసేకు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి. నేను తిరిగొస్తే చేర్చుకుంటారా? సభ్యత్వ హక్కు నిలబెట్టుకునే అన్‌వార్ట్‌షాఫ్ట్ ఏర్పాటు నాకు వర్తిస్తుందా? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

భారత్‌కు వచ్చేవాళ్లు ఆరోగ్యబీమాను వీలైనంత ముందు, ఏ జబ్బూ పట్టకముందే మొదలుపెట్టాలి. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు కొన్ని ఖర్చుల మీద నిరీక్షణ కాలం ఉంటుంది. ఆ కాలమేదో జర్మనీలో ఉండగానే గడిచిపోయేలా చూసుకోవడం తెలివైన పని.

చెడ్డ నెలలో వెళ్లి చూడండి

దూరపు కొండలు నునుపు. మే నెలలో స్పెయిన్‌లోని మాలగా వెళ్లినవాళ్లకు స్వర్గం కనిపిస్తుంది. జనవరిలో వెళ్లండి. బయట ఎండ బాగుంటుంది. లోపల గచ్చు చల్లగా కోస్తుంది. అక్కడి చాలా ఇళ్లకు జర్మన్ ఇళ్లలాంటి సెంట్రల్ హీటింగ్ లేదు, కిటికీలు పలచన, గోడల్లో చెమ్మ. రాత్రి స్వెటర్ వేసుకుని సోఫాలో కూర్చున్నప్పుడు స్టుట్‌గార్ట్ ఇంటి హీటర్ గుర్తొస్తుంది. ఆగస్టులోనూ వెళ్లండి. 2021 ఆగస్టులో అండలూసియాలోని కొర్డోబా ప్రాంతంలో 47.6 డిగ్రీలు నమోదైంది. రెంటచింతల ఎండ తెలిసిన మనకు కూడా అది కొత్త పరీక్షే.

థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌కు ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య వెళ్లండి. పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ ఊరంతా కమ్ముకునే రోజులవి. ఆస్తమా ఉన్నవాళ్లు ముఖ్యంగా చూడాలి. మారిషస్‌కు తుఫానులొచ్చే జనవరిలో వెళ్లండి. విశాఖకు మే ఉక్కపోతలో వెళ్లండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను ఆ ఊరిని ఎలా కుదిపిందో అక్కడివాళ్లను అడగండి.

జర్మన్ నివాస అనుమతి ఉన్నవాళ్లు మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజుల దాకా ఉండొచ్చు. కాబట్టి ఆ దేశాల్లో పరీక్షకు వేరే వీసా అక్కర్లేదు. హోటల్లో దిగకండి. నెలకు అద్దెకు తీసుకోండి. కూరగాయలు కొనండి, ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఒక ప్రభుత్వ కార్యాలయంలో వరుసలో నిలబడండి. మీ మిగిలిన సగం పని అక్కడి నుంచే చేయండి. ఈ నాలుగూ సాఫీగా జరిగితే ఊరు పాసైనట్టు.

సొంతూరు కూడా వెచ్చని దేశమే

ఇది చాలామంది చివర్లో ఆలోచిస్తారు, ముందే ఆలోచించాలి. మీ అమ్మానాన్నలకు డెబ్బై ఐదో, ఎనభయ్యో. మాలగా నుంచి హైదరాబాద్ చేరాలంటే ఎక్కడో ఒకచోట విమానం మారాలి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కు 2024 జనవరిలో నేరుగా విమానం మొదలైంది. అర్ధరాత్రి ఫోను వస్తే ఎన్ని గంటల్లో వాళ్ల పక్కన ఉండగలరు? ప్రతి దేశం పేరు పక్కనా ఆ గంటలు రాయండి. ఆ అంకె చాలా చర్చలను ముగిస్తుంది.

తిరిగొచ్చేవాళ్లకు పన్ను విషయంలో ఊరట ఉంది. చాలాకాలం బయట ఉన్నవాళ్లకు మొదటి రెండు మూడేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్ (నివాసి అయినా సాధారణ నివాసి కాని) హోదా దక్కవచ్చు. ఆ కాలంలో విదేశాల్లో వచ్చే రాబడి మీద భారత్‌లో సాధారణంగా పన్ను పడదు. అయితే భారత్ నుంచి నడిపే కన్సల్టింగ్ లాంటి వాటికి ఇది వర్తించకపోవచ్చు. టికెట్ కొనేముందు ఆడిటర్‌ను కలవండి. ఏ నెలలో దిగుతారన్నదాని మీద కూడా లెక్క మారుతుంది.

నవంబరు నుంచి మార్చి దాకా విశాఖ, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా జర్మనీ అనే పద్ధతి కూడా ఉంది. ఏటా ఆరు నెలల గీత దాటకుండా చూసుకుంటే పీఆర్ నిలబడుతుంది, అమ్మ చేతి భోజనం అందుతుంది, పిల్లల చదువు జర్మనీలో సాగుతుంది. రెండిళ్ల ఖర్చు భరించగలిగితే చాలా కుటుంబాలకు ఇదే మేలైన జవాబు.

ఇద్దరి సగాలూ లెక్కలోకి రావాలి

ఇది మగవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మీరు సగం పని మానేసి ఇంట్లో ఉంటే, మూడు పూటలా వంట, కొత్త దేశంలో కొత్త సరుకులు, వచ్చిపోయే చుట్టాలు ఎవరి మీద పడతాయి? మీకు సగం విశ్రాంతి, ఆవిడకు రెట్టింపు పని అయితే అది కుటుంబ నిర్ణయం కాదు, మీ ఒక్కరి సెలవు. చాలా ఇళ్లలో భార్య జర్మన్ నేర్చుకుని, డిగ్రీ గుర్తింపు తెచ్చుకుని, నలభై దాటాకే సరైన ఉద్యోగంలో కుదురుకుంది. ఆమె పరుగు ఇప్పుడే మొదలైంది. ఆ పరుగును ఆపి మీ విశ్రాంతిని నిర్మించుకోకండి.

ఒక ఆదివారం ఇద్దరూ వేర్వేరు కాగితాల మీద రాయండి: నా మిగిలిన సగం ఏమిటి, నాకు తప్పనిసరి ఏది, నేను వదులుకోగలిగింది ఏది. తర్వాత మార్చుకుని చదవండి. ఆ గంటలో ఎవరూ ఎవరినీ ఒప్పించే ప్రయత్నం చేయకూడదు. తేడాలు బయటపడితే మంచిదే. విమానం ఎక్కాక బయటపడేకన్నా భోజనాల బల్ల దగ్గర బయటపడటం వెయ్యి రెట్లు నయం.

వెళ్లేముందు ఒక ఏడాది రిహార్సల్

జర్మనీ మీకు ఒక గొప్ప అవకాశం ఇచ్చింది. 2019 నుంచి బ్ర్యూకెన్‌టైల్‌ట్సైట్ అనే హక్కు ఉంది. 45 మందికి మించి ఉద్యోగులున్న సంస్థలో ఆరు నెలలు దాటిన ఉద్యోగి, ఒక ఏడాది నుంచి ఐదేళ్ల దాకా గంటలు తగ్గించుకోవచ్చు. గడువు తీరాక పాత గంటలకు తిరిగి రావచ్చు. ఉద్యోగం వదలకుండా సగం రిటైర్మెంట్‌ను పరీక్షించుకునే దారి ఇది. ఒక్కటి గుర్తుంచుకోండి, జీతం తగ్గిన మేరకు పింఛను పాయింట్లు కూడా తగ్గుతాయి.

ఆ ఏడాదిని ఇలా వాడండి. మొదటి మూడు నెలలు మిగిలిన సగాన్ని మొదలుపెట్టండి, చిన్నగానే. రెండో మూడు నెలలు దాని నుంచి మొదటి రాబడి గానీ, మొదటి ఫలితం గానీ రాబట్టండి. మూడో మూడు నెలల్లో రాబోయే బడ్జెట్ మీదే బతకండి, మిగిలినది ముట్టుకోకండి. చివరి మూడు నెలల్లో మీ జాబితాలో మిగిలిన ఊళ్లకు, వాటి చెడ్డ నెలల్లో, వెళ్లి ఉండి రండి. తగ్గిన గంటలతో వచ్చిన ఖాళీ రోజును టీవీ ముందు గడిపేస్తే, ఎండ ఉన్న దేశంలోనూ అదే జరుగుతుంది. ఆ ఖాళీ రోజున ఉత్సాహంగా లేచి పనిలోకి దిగితే, మీరు సిద్ధంగా ఉన్నట్టే.

ఈ వారం నాలుగు పనులు పెట్టుకోండి. పింఛను ఉత్తరం వెతికి రెండో అంకె రాసుకోండి. మీ పీఆర్ ఏ రకందో, దాని గడువెంతో చూసుకోండి. రాత్రిపూట రాసే ఒక్క వాక్యం ఈరోజే మొదలుపెట్టండి. ఆదివారం ఇద్దరూ కాగితాలు తీసుకుని కూర్చోండి. వీటికి డబ్బు ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఐదేళ్ల అనుమతి చేతిలో పట్టుకుని, భాష రాకుండా, ఎవరూ తెలియని దేశంలో దిగి పాతికేళ్లు నిలబడిన తరం ఇది. అప్పుడు చేసిన ధైర్యం బతుకుతెరువు కోసం. ఇప్పుడు మీకు నచ్చిన పనిని, మీకు నప్పిన వేగంతో చేయడానికి అదే ధైర్యం కావాలి. ఈసారి మీ దగ్గర అనుభవం ఉంది, లెక్క ఉంది, పక్కన తోడుంది. ముందు పనికి పేరు పెట్టండి, తర్వాత ఊరికి టికెట్ కొనండి.